ఇటలీ జట్టుని మోసిన నల్లబల్ల

నేను ఒక నల్లబల్లని. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల ఎత్తు. ముందూ వెనకా రెండు మొహాలు. అటూ ఇటూ ఇనప చీలలు దిగేసి చెక్క చట్రంలో నిలబెట్టారు కాబట్టి నన్ను గిర్రున తిప్పొచ్చు. ఒక వైపు రాసింది చదువుతున్నవాడికి రెండో వైపు ఏముందో తెలీదు. మనుషులు ఈ సౌకర్యాన్ని ఎంతగా వాడుకుంటారో నాకు తెలిసినట్టు ఇంకో వస్తువుకి తెలిసి ఉండదు.

పుట్టింది ఖరగ్‌పూర్‌లో. బెంగాల్ గడ్డే గానీ, శ్రీకాకుళం వైపు నుంచి రైలు పనికి వచ్చి తరాలుగా అక్కడే ఉండిపోయిన తెలుగువాళ్ళు ఆ ఊళ్ళో పేటలకి పేటలే ఉన్నారు. 1964లో పాత బోగీ ఒకటి విప్పేస్తే వచ్చిన టేకు పలకల్ని అప్పన్న అనే వడ్రంగి మేస్త్రి వర్క్‌షాపులో చిత్రిక పట్టి, అతికి, మసీ నూనే కలిపి నాలుగు పూతలు పూశాడు. ఆరాక అరచేత్తో నిమిరి, "సుద్ద పట్టుద్ది" అన్నాడు. నేను విన్న మొదటి మాట అదే.

అప్రెంటిస్‌ల బడిలో ఇరవై ఏళ్ళ పైన ఆవిరి ఇంజను బొమ్మలు మోశాను. ఆవిరి ఇంజన్లు పోయాయి. పనికిరాని సామాన్ల జాబితా వేస్తూ గుమాస్తా ముందు దాన్ని నా మీదే సుద్దతో రాసుకుని, తప్పుల్లేవని చూసుకుని కాగితం మీదికి ఎక్కించాడు. అందులో నాది పదకొండో పేరు. నా చావు కబురు నా మీదే రాసిన మనిషి మీద కూడా నాకు కోపం రాలేదు. అక్షరాలు గుండ్రంగా రాశాడు.

అలా నింపుర క్వార్టర్స్ పక్కన ఉదయభారతి ఫుట్‌బాల్ క్లబ్‌కి చేరాను. రేకుల షెడ్డు, రెండు బెంచీలు, ముందు మైదానం. సాయంత్రం అయిదయ్యేసరికి డ్యూటీ దిగినవాళ్ళు, రిటైరైనవాళ్ళు పదిహేనుమంది దాకా చేరేవాళ్ళు. నా మీద ప్రాక్టీసు వేళలు రాసేవాళ్ళు, జట్టు పేర్లు రాసేవాళ్ళు, ఎక్కువగా ఒకళ్ళనొకళ్ళు తిట్టుకుంటూ రాసేవాళ్ళు. ఖరగ్‌పూర్‌లో మనిషికి కులం ఉన్నట్టే బ్రెజిలో అర్జెంటీనానో కూడా ఉంటుంది. నడక వచ్చేలోపే తేలిపోతుంది. ఆ రెండూ కాని మనిషి మా క్లబ్‌లో ఒక్కడే. పొట్నూరు కూర్మారావు.

కూర్మారావు వర్క్‌షాపులో ఫిట్టరు. కుర్రతనంలో రైల్వే జట్టుకి గోల్‌కీపరు. 1982లో, తనకి పాతికేళ్ళప్పుడు, ఒక ఇంగ్లీషు పేపర్లో ఫోటో చూశాడు. ఇటలీ కెప్టెన్ ప్రపంచ కప్పు ఎత్తి పట్టుకున్నాడు. ఆ కెప్టెన్ గోల్‌కీపరు. వయసు నలభై. "నలభై ఏళ్ళ గోల్‌కీపరు!" అని ఆ రోజు ఎంత ఆశ్చర్యపోయాడో, ముప్ఫై ఆరేళ్ళ తర్వాత కూడా అంతే ఆశ్చర్యంగా చెప్పేవాడు. ఆ రోజు నుంచీ ఇటలీ మనిషి. వాకిలి గేటుకి నీలం రంగు. రిటైరయ్యాక క్లబ్‌లో గోల్‌కీపర్లకి నేర్పేవాడు. మనిషి మంచివాడు, మాట మాత్రం పెళుసు. తప్పు అనే మాటని ఎదుటివాళ్ళకి తప్ప తనకి ఎప్పుడూ వాడుకోలేదు.

క్లబ్ సెక్రటరీ బెవర తవిటినాయుడు. కూర్మారావు చెల్లెలు పారమ్మ మొగుడు. ఒకప్పుడు అదే రైల్వే జట్టులో ఫార్వర్డు. పుట్టుకతో అర్జెంటీనా. ఇద్దరూ ఒకే పళ్ళెంలో తిన్న రోజులున్నాయట, నేను చూడలేదు. నేను చూసినవన్నీ బెంచీకి ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు కూర్చున్న రోజులే.

2017 నవంబర్లో ఇటలీ స్వీడన్ చేతిలో ఓడి ప్రపంచ కప్పుకి వెళ్ళకుండా ఆగిపోయింది. మర్నాడు పొద్దున్నే నాయుడు నా మీద పెద్దక్షరాలతో "ఇటలీకి శ్రద్ధాంజలి" అని రాసి, చుట్టూ పూలదండ గీశాడు. కూర్మారావు వచ్చాడు, చూశాడు, చొక్కా చేతితో తుడిచాడు. ఆ మర్నాడు ఇంకోటి రాసి ఉంది. పదకొండో రోజు, పన్నెండో రోజు కూడా చెయ్యాలి కదా అంటూ నిజంగానే పన్నెండు రోజులు లెక్కపెట్టి రాశాడు. నవ్వినవాళ్ళు పదిమంది. తుడిచినవాడు ఒకడు. ఒకసారి నవ్వితే వేళాకోళం. పన్నెండు రోజులు నవ్వితే అది పగ.

మార్చి వచ్చింది. ప్రపంచ కప్పుకి పోని ఇటలీకి రెండు ఫ్రెండ్లీ మ్యాచులు పెట్టారని తెలిసింది. మొదటిది అర్జెంటీనాతో, నాలుగు రోజులకి ఇంగ్లండ్‌తో. ఫ్రెండ్లీ అంటే స్నేహంగా ఆడుకునేదట. మా షెడ్డులో దాని గురించి స్నేహంగా ఒక్క మాట కూడా వినబడలేదు.

"పెళ్ళికి పిలవని వాళ్ళు పందిరి కింద రిహార్సలు చేసుకుంటన్నారు" అన్నాడు నాయుడు.

"నీకు భయమేస్తంటే చెప్పు, ఆపించేద్దాం" అన్నాడు కూర్మారావు.

అసలు తగువు బుఫోన్ దగ్గర వచ్చింది. ఇటలీ గోల్‌కీపరు. సరిగ్గా నలభై ఏళ్ళు. నవంబర్లో ఓడిపోయాక మైదానంలోనే ఏడ్చి, ఇక దేశానికి ఆడనని చెప్పేశాడు. మార్చిలో ఈ మ్యాచులకి మళ్ళీ పిలిచారు, వచ్చాడు. అతను ఆడాలా వద్దా అని పదిహేను రోజులు కొట్టుకున్నారు మావాళ్ళు. ఆ మాటల కింద వేరే మాట నడుస్తోందని నాకూ తెలుసు, కూర్మారావుకి తప్ప అందరికీ తెలుసు.

ఆ వేరే మాట ఇది. మార్చి మొదటి వారంలో కుసుమ అనే ఇరవై ఏళ్ళ అమ్మాయికి మెడ కింద ఎముక విరిగింది. జిల్లా ఆడపిల్లల జట్టుకి గోల్‌కీపరు, కూర్మారావు దగ్గరే నేర్చుకుంటోంది. ప్రాక్టీసులో బంతి కోసం పరిగెత్తుకొస్తుంటే కూర్మారావు ఒక్కసారిగా తిరిగి ఆమెని గుద్దేశాడు. "చూసుకోకుండా వచ్చీసింది" అన్నాడు. కుసుమ ఏమీ అనలేదు. చెయ్యి గుడ్డలో కట్టించుకుని, మర్నాటి నుంచి వచ్చి బెంచీ మీద కూర్చునేది. నాయుడు మాత్రం ఆ రోజంతా బావ వైపే చూస్తూ ఉన్నాడు.

అర్జెంటీనా మ్యాచు ఉన్న శుక్రవారం మధ్యాహ్నం నాయుడు కమిటీ వాళ్ళు ముగ్గురిని వెంటబెట్టుకుని వచ్చాడు. నన్ను వెనక్కి తిప్పి ఏదో రాశాడు. అందరూ చదివి, కింద పొట్టి సంతకాలు చేశారు. మళ్ళీ ముందుకి తిప్పి, తిరక్కుండా చట్రానికి తీగ చుట్టి వెళ్ళిపోయారు. ఆదివారం మీటింగ్‌లో అందరి ముందూ తిప్పాలని ఆలోచన.

సాయంత్రం అయిదున్నరకి కూర్మారావు సుద్ద అందుకుని ఇటలీ పదకొండు పేర్లూ ఒకదాని కింద ఒకటి రాశాడు. అందరికన్నా పైన బుఫోన్.

"ఏటి బావా, మళ్ళీ ఈ ముసలోడేనా?" అన్నాడు నాయుడు. "ఏడ్చి టాటా చెప్పీసినోడు మళ్ళీ గుమ్మం ఎక్కొచ్చా?"

"పిలిచేరు, వచ్చేడు. పిలిస్తే రావడం తప్పేటి?"

"పిలిచినోడికి బుద్ధి లేదు, వచ్చినోడికి సిగ్గు లేదు."

కమిటీలో ఉన్న మైతీ బెంగాలీవాడు. నలభై ఏళ్ళుగా తెలుగువాళ్ళ మధ్య ఉండి తెలుగు మాట్లాడతాడు, పేర్లు మాత్రం బెంగాలీలోనే, చివర అన్న అనే అర్థంలో 'దా' తగిలించి పిలుస్తాడు. "కూర్మో దా, పంతొమ్మిదేళ్ళ గోల్‌కీపర్ ఉన్నాడు కదా వాళ్ళకి. వాడికి ఇవ్వాలి కదా చాన్సు" అన్నాడు.

"కుర్రోడికి రేపుంది, ఎల్లుండుంది. ఈయనకి ఈ ఒక్క మ్యాచే ఉంది. ఏడుస్తూ ఎల్లినోడు ఒకసారి నవ్వుతూ ఎల్లడానికి ఫ్రెండ్లీ కూడా ఇవ్వలేరా మీరు?"

"ఇది వీడ్కోలు భోజనం కాదు బావా, ఫుట్‌బాల్" అన్నాడు నాయుడు. "కళ్ళు ఆనని వాడు గోల్లో నిలబడితే నష్టం వాడికి కాదు. చుట్టూ ఉన్నవాళ్ళకి."

కుసుమ తల వంచుకుంది.

"బుఫోన్ కళ్ళకేటయింది?" అన్నాడు కూర్మారావు.

నాయుడు లేచి వచ్చి, సుద్దతో బుఫోన్ పేరు మీద అడ్డంగా గీత కొట్టాడు. సుద్ద విరిగేంత గట్టిగా కొట్టాడు. ఆ గీత ఒరిపిడి నాకు ఇంకా గుర్తుంది.

కూర్మారావు నవ్వాడు. "సరే. నీ అర్జెంటీనా జట్టు కూడా రాద్దాం. వెనకాల చోటుంది కదా. రేపు పొద్దున్న రెండూ పక్కపక్కన పెట్టి చూసుకుందాం" అంటూ తీగ విప్పడం మొదలెట్టాడు.

"బావా, ఒద్దు. ఉండు, అక్కడ..." నాయుడు చెయ్యి పట్టుకోబోయాడు. అప్పటికే నేను తిరిగిపోయాను. నన్ను ఆపుకునే శక్తి నాకు లేదు. ఉంటే, ఆ ఒక్కసారి వాడేదాన్ని.

కూర్మారావు నా దగ్గరికి బాగా వంగి, మొహం అటూ ఇటూ కదిలిస్తూ, గట్టిగా చదివాడు. "గోల్‌కీపింగ్ కోచ్ బాద్యతల నుండి శ్రీ పి. కూర్మారావు గారిని తప్పించుటకు కమిటీ ఏకగ్రీవముగా తీర్మానించినది."

చదివి వేలితో ఒక అక్షరం తుడిచి, సుద్ద తీసుకుని సరిచేశాడు. "బాధ్యతకి వత్తు ధ, సెక్రటరీ గారూ. తీసేసేటప్పుడైనా తప్పుల్లేకుండా తియ్యాలి."

అతని వేలు కింది సంతకాల మీదికి దిగింది.

"మైతీ, ఈ సంతకం నీదేనా?"

మైతీ నేల చూశాడు.

"నువ్వు పిల్లని గుద్దేవు బావా" అన్నాడు నాయుడు. గొంతు పెద్దదైంది. "ఎముక విరిగింది. అదే మెడ మీద తగిలుంటే? నీకు ఎడం పక్కది కనబడటం లేదు. టీ గ్లాసు ఎడం పక్కన పెడితే తడుముకుంటన్నావు. నేను ఎన్నాళ్ళ నుంచో చూస్తన్నాను."

"చూస్తే నాకు చెప్పలేవా?"

"నీకా? నీకెవడు చెప్తాడు? చెప్తే వింటావా నువ్వు? ముప్ఫై ఏళ్ళలో నా మాట ఒక్కటి విన్నావా?"

"అందుకని నాలుగు నెల్లు ఇటలీని తిట్టేవా? నా మొహం మీద అనలేక, ఊరూ పేరూ తెలీని ఆ నలభై ఏళ్ళోడిని తిట్టేవా? పిరికోడివిరా నువ్వు. రైల్వే జట్టులో ఆడినప్పుడు గోల్ ముందుకెళ్ళి కాళ్ళు వణికినోడివి, ఇప్పుడూ అంతే."

ఆ చివరి మాట అనవలసింది కాదు. నాయుడి మొహం నల్లగా అయిపోయింది. "ఆదివారం నాలుగింటికి మీటింగు. అక్కడే తేలుతుంది" అని వెళ్ళిపోయాడు.

ఆ మ్యాచులో అర్జెంటీనా గెలిచింది. శనివారం పొద్దున్న అందరికన్నా ముందు వచ్చినవాడు కూర్మారావు. నాయుడు రాస్తాడు, నవ్వుతాడు అనుకుని ముందే వచ్చాడేమో. నన్ను ఇటలీ వైపుకి తిప్పాడు. గీత కొట్టిన పేరుని తుడిచి మళ్ళీ రాశాడు, బుఫోన్ అని. పదకొండు పేర్ల కింద "అర్జెంటీనా 2, ఇటలీ 0" అని తనే రాశాడు. దాని కింద చిన్నగా, "గోల్స్ రెండూ చివరి పావుగంటలో పడ్డవి" అని కలిపాడు. ఓడిపోయినవాడు నిజం దాచలేదు, ఆ కాస్త వెసులుబాటు మాత్రం తీసుకున్నాడు. నాయుడు తర్వాత వచ్చి చూసి, ఏమీ రాయకుండా వెళ్ళాడు. నాలుగు నెలల్లో అతను సుద్ద ముట్టుకోని రోజు అదొక్కటే.

ఆదివారం మీటింగుకి యాభైమంది వచ్చారు. పారమ్మ కూడా వచ్చింది. ఆమె క్లబ్ గేటు దాటి లోపలికి రావడం నేను చూడటం అదే మొదటిసారి. మొగుడి పక్కన కూర్చోలేదు, అన్న పక్కనా కూర్చోలేదు. మైదానం గీత దగ్గర నిలబడింది.

కూర్మారావు నిక్కరు వేసుకుని, పాత గ్లవ్స్ పట్టుకుని వచ్చాడు. అరవై ఒక్క ఏళ్ళ మనిషి. "కాయితాలొద్దు, సంతకాలొద్దు. పది పెనాల్టీలు కొట్టండి. అయిదు ఆపకపోతే నా అంతట నేను పోతాను. ఆపితే ఆ రాసిందాన్ని సెక్రటరీ గారు నాలికతో తుడవాల" అన్నాడు.

"ఎవరు కొట్టాలి?" అన్నాడు మైతీ.

"రాసినోడే కొట్టాల."

ఇద్దరు కలిసి నన్ను ఎత్తి మైదానంలో పెట్టారు. అప్పన్న మేస్త్రి చేతిలోంచి వచ్చాక అంత ఎండ నా మీద ఎప్పుడూ పడలేదు. కూర్మారావు అవతల గోల్ దగ్గర గ్లవ్స్ బిగించుకుంటుండగా కుసుమ నా మీదున్న ఇటలీ పేర్లూ కింది స్కోరూ అన్నీ తుడిచింది. కుడిచెయ్యి కట్టులో ఉంది కాబట్టి ఎడమచేత్తో, వంకరగా, ఒకటి నుంచి పది దాకా అంకెలు వేసింది. ఆపితే గీత, గోలైతే సున్న.

మొదటి మూడు బంతులు నాయుడు మెల్లగా, నేరుగా చేతుల్లోకే కొట్టాడు. మూడు గీతలు. నాలుగోది కొట్టబోతుంటే కూర్మారావు గోల్ వదిలి ముందుకి వచ్చాడు.

"నాయుడూ! నాకు ముష్టి వేస్తన్నావా? నాలుగు నెల్లు నోటితో ఎంత గట్టిగా కొట్టేవో అంత గట్టిగా కాలితో కొట్టు. చేతనవదా?"

నాయుడు బంతిని వెనక్కి లాగి పెట్టుకున్నాడు. నాలుగోది బావకి కుడి పక్కన, రాయిలా వెళ్ళింది. కూర్మారావు గాల్లోకి లేచి వేళ్ళతో బయటికి నెట్టాడు. కింద పడ్డప్పుడు చప్పుడు నా దాకా వినబడింది. జనం అరిచారు. ఆ క్షణం అందరూ అతని వైపే, సంతకాలు చేసినవాళ్ళతో సహా. అయిదోది తల మీంచి వెళ్ళి గోలైంది. ఆరోది మళ్ళీ కుడి పక్కకి. ఆపాడు. అయిదు గీతలు పడ్డాయి. పందెం ప్రకారం గెలిచేశాడు. లేచి మోచేతి నెత్తురు తుడుచుకుంటూ, "ఇంకా నాలుగున్నాయి, కొట్టు" అన్నాడు. అక్కడితో ఆగి ఉంటే ఏమయ్యేదో. ఆగే మనిషైతే ఈ కథే లేదు.

ఏడోది నాయుడు బావకి ఎడమ పక్కన కొట్టాడు. అంత గట్టిగా కూడా కొట్టలేదు. కూర్మారావు కుడి పక్కకి దూకాడు. సరే, గోల్‌కీపర్లు అలా పొరపడతారు. ఎనిమిదోది నాయుడు మళ్ళీ ఎడమ పక్కకే, నేల మీద దొర్లించాడు, పసిపిల్లలకి వేసినట్టు. బంతి కూర్మారావు కాలికి మూరెడు దూరంలోంచి వెళ్ళి వల అంచున ఆగిపోయింది. అతను మోకాళ్ళ మీద వంగి, రెండు చేతులతో తన ముందు మట్టిని తడిమాడు. తల అటూ ఇటూ తిప్పాడు. బంతి ఎక్కడుందో అందరికీ కనబడుతోంది.

నాయుడు తొమ్మిదో బంతి పెట్టలేదు.

పారమ్మ మైదానంలోకి నడిచి వచ్చింది. చెప్పులు విడిచి వచ్చింది, గుళ్ళోకి వచ్చినట్టు కాదు, దెబ్బలాటకి వచ్చినట్టు. అన్నని చెయ్యి పట్టి లేపి నా ఎదురుగా, పది అడుగుల దూరంలో నిలబెట్టింది.

"అన్నయ్యా, కుడి కన్ను మూసుకో. ఆ బల్ల మీదేటుందో చదువు."

"ఏటే ఈ వేషాలు?"

"చదువు."

కూర్మారావు చెల్లెలి మొహమే చూస్తూ కుడి కంటి మీద అరచెయ్యి పెట్టుకున్నాడు. ఎడమ కన్ను బాగా తెరిచి నా వైపు చూశాడు. ఆ కంట్లో నేను లేను. ఇరవై ఏళ్ళు ఎందరో కుర్రాళ్ళు నా ముందు కూర్చుని పాఠాలు విన్నారు, చూసే కన్నేదో చూడని కన్నేదో నాకు తెలుసు.

"నా చేతిరాత నాకు తెలీదా? ఇటలీ జట్టు" అన్నాడు. "బుఫోన్" అని మొదలుపెట్టి పదకొండు పేర్లూ, ఒక్కటి తప్పిపోకుండా, రాసిన వరసలో చదివేశాడు. "కింద రెండు, సున్న. చాలా?"

నా మీద ఉన్నవి పది వంకర అంకెలు, అయిదు గీతలు, మూడు సున్నలు.

"సార్" అంది కుసుమ. "అవి నేను తుడిచేశాను సార్. ఆ రోజు కూడా నేను మీ ఎడం పక్క నుంచే వచ్చాను. సార్ సార్ అని అరిచాను కూడా."

కూర్మారావు చెయ్యి తీసేసి రెండు కళ్ళతో నన్ను చూశాడు. సున్నలు చూశాడు. అంకెలు చూశాడు. కుసుమ కట్టు చూశాడు. తర్వాత గ్లవ్స్ విప్పి నా చట్రం మీద పడేసి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా మైదానం దాటి వెళ్ళిపోయాడు. గేటు దగ్గర ఎడమ భుజం ఊచకి తగిలింది. ఆగలేదు.

తర్వాతవి నేను మైతీ నోట విన్నాను. పారమ్మ అన్నని మేదినీపూర్ కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. కంట్లో ఒత్తిడి పెరిగి ఎడమ కన్ను ఎప్పుడో పోయిందట. కుడి కన్ను అంచులు కూడా తినేయడం మొదలైందట. పోయింది తిరిగి రాదు, ఉన్నది నిలబడాలంటే బతికున్నన్నాళ్ళూ పూటపూటా చుక్కల మందు వెయ్యాలి. ఇంకో ఏడాది ఇలాగే తిరిగి ఉంటే రెండూ పోయేవన్నాడట.

ఇంగ్లండ్‌తో మ్యాచు ఒకటీ ఒకటీతో సమమైంది. ఆ రోజు గోల్లో నిలబడింది ఆ పంతొమ్మిదేళ్ళ కుర్రాడే. నాయుడు కోరుకున్నదే. కానీ దాని గురించి మా షెడ్డులో అయిదు నిమిషాలు కూడా మాట్లాడుకోలేదు. ఎదురు తిరిగేవాడు లేకపోతే తిట్టడంలో రుచి లేదని మనుషులకి అప్పుడు తెలిసింది. ఏప్రిల్ అంతా నా మీద ప్రాక్టీసు వేళలు తప్ప ఏమీ లేవు.

మే నెలాఖర్లో ఇటలీకి మళ్ళీ ఫ్రెండ్లీలు వచ్చాయి. మొదటిది సౌదీ అరేబియాతో. ఆ సాయంత్రం కూర్మారావు నల్లకళ్ళద్దాలు పెట్టుకుని వచ్చి, తన చివరే కూర్చున్నాడు. రెండు నెలల తర్వాత. అందరూ జరిగి చోటిచ్చారు, అవసరానికి మించి. అది అతనికి నచ్చలేదు.

"ఏటి, పీనుగొచ్చినట్టు జరుగుతన్నారు? కొత్త కోచ్ వచ్చేడు ఇటలీకి. ఎవరెవర్ని ఆడిస్తన్నాడో ఎవరికైనా తెల్సా, లేక ఇంకా ఆ రెండు గోల్సే నెమరేస్తన్నారా?"

మాటలు మొదలయ్యాయి. అరుపులు మొదలయ్యాయి. చీకటి పడబోతుండగా ఒక్కొక్కరూ లేచిపోయారు. చివరికి బెంచీ మీద ఇద్దరే మిగిలారు, అటొకరు ఇటొకరు.

కూర్మారావు నాయుడి వైపు చూడకుండానే మాట్లాడాడు. "నువ్వు చేసింది తప్పని నేననను. పిల్లకి నా వల్లే విరిగింది. ఎల్లి దాని కాళ్ళ మీద పడ్డంత పని చేసేను. కానీ నువ్వు చేసిన తీరు ఉంది చూడు, వెనకాల రాసి, తీగ కట్టి. దాన్ని మాత్రం నేను క్షమించను. నేను చచ్చేదాకా."

"క్షమించొద్దు" అన్నాడు నాయుడు. "ఏడయింది. చుక్కల మందు వేసుకో."

కూర్మారావు జేబులోంచి సీసా తీసి తల వెనక్కి వాల్చాడు. ఒక చుక్క చెంప మీద పడింది, రెండోది కంట్లో పడింది. నాయుడు సాయం చెయ్యడానికి లేవలేదు. లేస్తే సీసా మొహాన కొట్టేవాడని ఇద్దరికీ తెలుసు.

జూన్‌లో ప్రపంచ కప్పు కోసం క్లబ్ పెద్ద టీవీ కొంది. గోడకి నేనుండే చోటే దానికి కుదిరింది. పేర్లూ గోల్సూ అదే చూపిస్తుంది, ఎవరూ రాయనక్కర్లేదు. నన్ను పాత సామాన్ల కొట్టుకి ఇచ్చేద్దామన్నారు. ఇప్పుడు నేనుంది అక్కడే, గోల్‌బజార్ వెనక, విరిగిన కుర్చీలకీ తుప్పు పట్టిన సైకిళ్ళకీ మధ్య. వాన పడితే నా పూత పొరలు పొరలుగా లేస్తోంది. పైన ఉన్నవి పోయాక కింద ఇంకా ఏవో అక్షరాల నీడలు కనబడుతున్నాయట, కొట్టువాడు అన్నాడు. ఎవరి రాతో నాకూ తెలీదు. అన్నీ మోశాను, దేనికీ బదులు చెప్పలేదు. అందుకు గర్వపడాలో సిగ్గుపడాలో తేలలేదు.

నన్ను పంపేసిన రోజు సంగతి ఒకటి చెప్పి ఊరుకుంటాను. బయట రిక్షా బండి ఆగింది. చట్రం పీకేశారు. ఎవరైనా పట్టండి అన్నాడు మైతీ. ఒక చివర నాయుడు పట్టాడు. రెండో చివరకి ఎవరో రాబోతుంటే కూర్మారావు తోసేసి తనే పట్టాడు. బరువైనదాన్నే, బోగీ టేకుని. నాయుడు వెనక్కి నడుస్తూ, కూర్మారావు ముందుకి నడుస్తూ షెడ్డు దాటారు. సౌదీ మ్యాచు సాయంత్రం తర్వాత ఇద్దరూ ఒకరితో ఒకరు ఒక్క మాట కూడా ఆడలేదు. గేటు దగ్గరకొచ్చేసరికి కూర్మారావు నేరుగా ఎడమ స్తంభం మీదికి వస్తున్నాడు.

"కుడికి" అన్నాడు నాయుడు.

"నాకు కనబడతంది" అన్నాడు కూర్మారావు.

"ఇంకాస్త కుడికి."

"కనబడతందన్నానా! నోర్ముయ్యి."

నాయుడు నోరు మూసుకున్నాడు. కానీ అడుగు కదపకుండా, నా బరువంతా తన చేతుల మీద మోస్తూ, అక్కడే నిలబడిపోయాడు.

కూర్మారావు పళ్ళు కొరుక్కుంటూ కుడికి జరిగాడు.